అమావాస్య లోపు అద్దం

"అయిపోయినట్టే మేడమ్" అని ఉరుకుందాచారి అనడం ఆ పొద్దున ఎన్నోసారో నాగలత లెక్కపెట్టడం మానేసింది. ఆదోనిలో ఆయన వడ్రంగి కొట్టు ముందు కూర్చోడానికి చోటంటూ లేదు. సగం చెక్కిన ద్వారబంధం ఒకటి పడుకోబెట్టి ఉంటే దాని మీద కూర్చోబోయింది. అది ఎవరింటి గడపవుతుందో ఏమోనని మళ్ళీ లేచి నిలబడింది. కొట్టు లోపల ఆమెకు కావలసిన తొట్టి బోర్లించి ఉంది. టెలిస్కోపు మొత్తం ఈ చెక్క తొట్టి మీద కూర్చునే తిరగాలి. ఆచారి దాని అడుగున లప్పం పూస్తున్నాడు. బొటనవేలితో పూసి, రేకుముక్కతో గీకి, తల వెనక్కి వంచి చూసి, మళ్ళీ పూస్తున్నాడు.

"అడుగుభాగం ఎవురూ సూడరప్పా" అంది నాగలత. "ఎత్తియ్యి. ఆటో నిలబడుకోనుండాది."

"ఎవురూ సూడకున్నా నాకు తెలుస్తాది గదా మేడమ్."

అంత శ్రద్ధ ఉన్న మనిషి మీద కోప్పడడం కష్టం. అయినా ఆమెకు కోపం వచ్చింది. ఎప్పుడో ఇస్తానన్న తొట్టి ఇది. మధ్యలో ఆచారి ఒక పెళ్ళికి పోయాడు, ఒకరోజు కరెంటు లేదన్నాడు, ఇంకోరోజు చెక్క పచ్చిగా ఉందన్నాడు. ఇవాళ చతుర్దశి. రేపు అమావాస్య. అమావాస్య నాడు ఆ వీధిలో ఏ వడ్రంగీ ఉలి పట్టడు. పనిముట్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గోడకు ఆనించి కూర్చుంటారు.

నాగలత జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. కర్నూలు, ఆదోని చుట్టుపక్కల చుక్కల పిచ్చి ఉన్నవాళ్ళంతా కలిసి పెట్టుకున్న ఖగోళ సంఘానికి కార్యదర్శి. కార్యదర్శి అంటే సంఘంలో పని చేసే ఒకే ఒక్క మనిషి అని ఆమెకు ఈ మధ్యే అర్థమైంది. టెలిస్కోపు పెద్ద అద్దం బెంగుళూరు పోయి కొత్త పూత వేయించుకుని వచ్చింది. రాత్రంతా అది ఆమె ఇంట్లో మంచం మీద పడుకుంది. ఆమె కింద చాప మీద పడుకుంది.

ఆ టెలిస్కోపు ఉండేది కోసిగి అవతల ఒక పల్లెలో, ఊరి కళ్ళంలో కట్టిన గదిలో. కళ్ళం ఇచ్చిన ఊరివాళ్ళు ఇంతవరకూ అందులోంచి చూసింది లేదు. మొదట కార్లలో వచ్చిన సంఘం వాళ్ళకే పొద్దు చాలలేదు. తర్వాత అద్దం మసకబారింది. పూత వేయించాక చూద్దురు గాని అని చెప్పి చెప్పి నాగలత నోరు నొప్పి పుట్టింది. ఇప్పుడు పూత వచ్చింది. ఎల్లుండి తెల్లవారక ముందే సగం ఊరు లారీ ఎక్కి సుగ్గికి పోతుంది. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయిన మనుషులు ఉగాదికి గాని తిరిగి రారు. వాళ్ళు పోయేలోపు చూపించాలంటే రేపు రాత్రి ఒక్కటే మిగిలింది. వాళ్ళకు చూపించి పంపాలి. ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

ఫోన్ మోగింది. కర్నూలు నుంచి సుధీర్. అపార్టుమెంట్లు కట్టే మనిషి, సంఘానికి అధ్యక్షుడు, టెలిస్కోపును దానంతటదే తిప్పే కొత్త మోటారు తెప్పించినవాడు.

"అక్కా, మంచి వార్త. మాఘ పౌర్ణమికి ముహూర్తం పెట్టించినా. పొద్దుగూకినాక మంచి లగ్నముందంట. పెద్దవాళ్ళను పిలుస్తాండాం. షామియానా, టిఫిన్లు, అంతా నేను చూసుకుంటా."

"పౌర్ణమి నాడు ఆకాశమంతా సున్నం కొట్టినట్టుంటాది సుధీర్. ఏం చూపిస్తావు వాళ్ళకి?"

"చంద్రుణ్ణి చూపిద్దాం. చంద్రుడైతే ఎవరికైనా అర్థమైతాడు. అమావాస్య నాడు ప్రారంభమంటే వినేదానికే బాగుండదక్కా."

"నేను రేపు ఊరోళ్ళకు చూపిస్తాండా."

"తొలిచూపు ముఖ్య అతిథిది గదా అక్కా. ముందే అందరూ చూసేస్తే ఇంక ప్రారంభానికి అర్థమేముంది? ఊరోళ్ళు యాడికి పోతారు, నిదానంగా చూపిద్దాంలే."

"గుంటూరుకు పోతారు" అని నాగలత ఫోన్ పెట్టేసింది.

ఒళ్ళు మండిపోయింది. టెలిస్కోపు అందరిదీ అని సంఘం పెట్టిన రోజున మైకు పట్టుకుని చెప్పినవాడు ఈ సుధీరే. అందరిదీ అంటే అందరూ ఫొటోలో నిలబడడం వరకేనేమో. రేపు సాయానికి ఎవరొస్తారని వాట్సాప్ గ్రూపులో ఆమె రాత్రి అడిగిన ప్రశ్న కింద బొటనవేళ్ళు వరసగా లేచి ఉన్నాయి. వస్తామని ఒక్కరూ రాయలేదు.

ఆచారి చివరికి తొట్టిని నిలబెట్టి, నాలుగు మూలలా పసుపు బొట్టు పెట్టి, రెండు చేతులూ దులుపుకున్నాడు. "ఇంక తీసుకపోండి మేడమ్. మీకు అంతా మంచే జరుగుతాది." కొలిచే టేపు నాగలత సంచిలోనే ఉంది. తీసి కొలవలేదు. ఆటో అతను హారన్ మీద హారన్ కొడుతున్నాడు, మళ్ళీ ఆచారికి ఏ మూలో లప్పం గుర్తొస్తే మధ్యాహ్నం దాటిపోతుంది. తొట్టిని వెనక కట్టించి, అద్దం పెట్టెను సీటు మీద తన పక్కనే పెట్టుకుంది. కోసిగి దాటి మట్టిదోవ పట్టాక గుంత వచ్చినప్పుడల్లా పెట్టెను రెండు చేతులా సీటు మీంచి పైకెత్తి పట్టుకుంది.

*

గది తలుపు తీసి పెట్టి గిడ్డమ్మ వాకిట్లో నీళ్ళు చల్లుతోంది. గది ఊడ్చే పని ఆమెది. తాళంచెవి ఆమె నడుము దారానికే ఉంటుంది. దుమ్ము లేస్తే నాగలత కేకలేస్తుందని ఆమెకు అలవాటే గనుక, ఊడ్చేముందు రెండు బిందెల నీళ్ళు చిలకరించింది. ఆమె మొగుడు పెద్ద ఈరన్న, ఆటో అతను కలిసి తొట్టిని దించి లోపలికి మోశారు.

"లారీ ఎప్పుడొస్తాది?" అని అడిగింది నాగలత.

"ఎల్లుండి కోడి కూయంగనే అంట" అంది గిడ్డమ్మ. "పాడ్యమి పయనం వద్దప్పా అంటే మేస్త్రి ఇంటాడా. మిరపకాయలకు పాడ్యమేంది, విదియేంది అంటాడు."

"రేపు పొద్దుగూకంగానే అందరూ రావాల. నువ్వే పిల్చుకోని రావాల."

"వస్తాం లేమ్మా. నీతో ఒక మాట మాట్లాడల్ల."

"పని కానియ్యి గిడ్డమ్మా, తర్వాత మాట్లాడుకుందాం."

గిడ్డమ్మ చీపురు మూలన పెట్టి గడప అవతల నిలబడింది. గదికి రేకుల పైకప్పు ఉంది. అది ఇనుప పట్టాల మీద పక్కకు జరిగితే నెత్తిన ఆకాశం తెరుచుకుంటుంది. మధ్యలో, వానకు ఉబ్బి చెడిపోయిన పాత తొట్టిని తీసేసిన చోట, కొత్త తొట్టిని నిలబెట్టారు. ఇక అద్దం కూర్చునే పెట్టెను దాని మీదికి ఎత్తాలి. ఆ పెట్టెకు రెండు పక్కలా అర్ధచంద్రాకారంలో చెక్క చక్రాలున్నాయి. ఆ రెండు చక్రాలూ తొట్టి రెండు అంచుల మీద కూర్చుంటేనే టెలిస్కోపు మెత్తగా పైకీ కిందికీ వంగుతుంది. అద్దం లేకుండానే ముందు ఖాళీ పెట్టెను పెట్టి చూద్దామని నాగలత ఒక పక్క, ఈరన్న ఒక పక్క పట్టి ఎత్తారు.

పెట్టె అంచుల మీద ఆగలేదు. దభీమని తొట్టి లోపలికి పడిపోయింది.

ఎత్తి మళ్ళీ పెట్టారు. మళ్ళీ పడింది. అప్పుడు టేపు తీసి కొలిచింది. పొడవు సరిగ్గా ఉంది. ఎత్తు సరిగ్గా ఉంది. అడ్డం మాత్రం అంగుళం ఎక్కువ. చక్రాలకూ అంచులకూ మధ్య అటు కొంత ఇటు కొంత ఖాళీ. వేలు పెట్టి చూసుకుంది. వేలు దూరింది.

ఫోన్ సిగ్నల్ కోసం వాకిలి దాటి, పక్క చేను గట్టెక్కి, ఆచారికి ఫోన్ చేసింది.

"కొలత తప్పు పడిందప్పా. అడ్డం అంగుళం పెద్దదైంది."

"తప్పు గాదు మేడమ్, నేనే కలిపినా." ఆయన గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "మీరిచ్చిన కొలతకు ఆయం కట్టి చూస్తే ధూమాయం వచ్చ. ధూమాయమంటే పొగ. మనుషులు పండుకునే మంచానికే ఆ కొలత పెట్టం. ఆకాశం జూసేదానికి పొగ ఆయం పెడితే యెట్ల, మీరే చెప్పండి. అడ్డానికి అంగుళం కలిపితే ధ్వజాయం పడింది. శానా మంచిది అది."

పొడవునూ వెడల్పునూ హెచ్చించి, భాగించి, మిగిలిన శేషం మంచిదో చెడ్డదో చూసుకోవడం, చెడ్డదైతే అంగుళం అటో ఇటో జరపడం వడ్రంగుల పద్ధతేనని నాగలతకు తెలుసు. ఆమె ఇంటి ద్వారబంధాలన్నీ అట్లా జరిపినవే. టెలిస్కోపుకు కూడా ఆయం కడతారని ఆమెకు తోచలేదు. అంత మంచి కోరి చేసిన మనిషిని ఏమని తిట్టాలి? తిట్టలేకపోతే ఈ కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలి?

"రేపు పొద్దున్నే వచ్చి సరిజేసిపో ఆచారీ."

"రేపు అమావాస్య గదా మేడమ్. మా తాత కాలం నుంచీ మా ఇంట్లో ఎవురూ ఉలి పట్టింది లేదు. ఎల్లుండి మొదటి బస్సుకే వస్తా."

"ఎల్లుండి ఎవురికి కావాలప్పా" అని ఫోన్ పెట్టేసింది.

ఆ రాత్రికి గిడ్డమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. ఇంట్లో సామాను సగం మూటలు కట్టి ఉంది. రేకు పెట్టె మీద పెట్టె, గోనెసంచి మీద సంచి. టీవీకి దుప్పటి చుట్టి పురికొసతో బిగించారు. నాగలత వాటిని దాటుకుంటూ పోయి జొన్నరొట్టె, పప్పు తిని పడుకుంది. ఆమె తలలో ఆ అంగుళం తప్ప ఇంకేమీ లేదు. గిడ్డమ్మ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏదో చెప్పబోయి, నిద్ర పట్టిందనుకుని లేచిపోయింది.

*

తెల్లవారేసరికి దారి తోచింది. తొట్టి అంచులకు లోపలి వైపు చెక్క పట్టీలు బిగిస్తే ఖాళీ పూడుతుంది, చక్రాలు వాటి మీద కూర్చుంటాయి. గది వెనక పారేసిన పాత తొట్టిలో ఒక పక్క చెక్క ఇంకా గట్టిగానే ఉంది. దాంట్లోంచి పట్టీలు కోయాలి. కోసేది ఎవరు?

"పట్టుకుంటానమ్మా" అన్నాడు ఈరన్న. "కోసేది మాత్రం నాతో గాదు. అమావాస్య నాడు ఇనుము పట్టను."

"నువ్వు కూడానా ఈరన్నా?"

"పయనం ముందర ఏంటికమ్మా లేనిపోనిది." అంటూనే చెక్క మీద రెండు కాళ్ళూ పెట్టి కదలకుండా నిలబడ్డాడు. ఇనుము పట్టకపోయినా, ఆ పొద్దంతా అట్లా తొక్కిపట్టి నిలబడడానికి మాత్రం ఆయనకు అభ్యంతరం లేదు. నాగలత చిన్న రంపం పట్టుకుని కోసింది. చెక్క కోయడం ఆమెకు చేతకాదు. గీత ఒకచోట ఉంటే రంపం ఒకచోట పోయింది. మొదటి పట్టీ మధ్యలో విరిగింది. అరచేయి బొబ్బలెక్కింది. తర్వాతి రెండూ వంకరగా వచ్చినా వచ్చాయి. వాటిని ఉప్పుకాగితంతో రుద్దుతూ, కాలేజీలో ఘర్షణ గురించి ఎంత హాయిగా చెప్పేస్తానో కదా అని తన మీద తనే నవ్వుకుంది. ఆ రోజుకి అదొక్కటే నవ్వు.

పట్టీలకు జిగురు పూసి, మరలు బిగించి, చక్రాలు జారడానికి వేసే తెల్లటి ప్లాస్టిక్ ముక్కల్ని పాత తొట్టి నుంచి ఊడదీసి వాటి మీద వేసింది. జిగురు ఆరడానికి ఎండలో కూర్చుంటే ఈలోగా ఇంకో గొడవ. పైకప్పు జరగనంది. తోస్తే కొంత వచ్చి ఆగిపోయింది. పట్టాల మీద జొన్న పొట్టు పేరుకుని, మంచుకు తడిసి, గట్టిపడి ఉంది. పక్క చేలో ఇద్దరు ఆడవాళ్ళు ఇరుకు గట్టు మీద పట్ట పరిచి జొన్న దుళ్ళగొడుతున్నారు. గాలి ఇటే వీస్తోంది. పొట్టంతా వచ్చి గది మీద పడుతోంది.

"ఈ పొద్దే కొట్టల్లనా అది?" అని నాగలత గట్టిగా విసుక్కుంది.

"రేపు పోతాండారు గదమ్మా" అంది గిడ్డమ్మ. "కొట్టి, గోతాలకెత్తి, యాడన్నా బెట్టి పోవల్ల గదా." చీపురుపుల్లలు తెచ్చి తనే పట్టాల్లో పొట్టు గీకడం మొదలుపెట్టింది. నాగలత వెనకాలే కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటూ పోయింది. సుధీర్ మోటారు అట్టపెట్టె విప్పకుండా మూలనే ఉంది. దాన్ని బిగించే తీరిక లేదు. చేత్తో తిప్పితే తిరగని టెలిస్కోపు లేదని దాని వైపు చూడకుండానే అనుకుంది.

ఎండ తగ్గాక అద్దం పెట్టె మూత తీసింది. కొత్త పూత మీద నీడ పడితే నీడ కూడా శుభ్రంగా కనిపించింది. ఆమె చేతులు రెండుసార్లు కడుక్కుంది, గాజులు తీసి సంచిలో పెట్టుకుంది, మూతికి గుడ్డ కట్టుకుంది. గిడ్డమ్మ గడప దగ్గర మెడ చాచి చూస్తోంది.

"నా మొగం కనపడతాదామ్మా అందులో?"

"దగ్గరికి రావద్దు గిడ్డమ్మా. ఊపిరి తగలగూడదు. ఆ కొంగు దులపకు, అవతలకి పో."

గిడ్డమ్మ కొంగు పిడికిట్లో చుట్టి పట్టుకుని అవతలకి పోయింది. నాగలత, ఈరన్న అద్దాన్ని అంచులు పట్టి ఎత్తి చక్రాల పెట్టెలో దించారు. ఆ క్షణం ఇద్దరూ ఊపిరి తీసుకోలేదు. తర్వాత నిలువు కడ్డీలు, వాటి నెత్తిన చిన్న అద్దం, కన్ను పెట్టే గొట్టం. రెండు అద్దాలూ ఒకదాన్నొకటి సూటిగా చూసుకునేదాకా మరలు తిప్పాలి. కొంచెం బిగిస్తే అటు పోతుంది, కొంచెం వదిలితే ఇటు పోతుంది. ఆమె కింద మరలు తిప్పి, లేచి గొట్టంలో చూసి, మళ్ళీ వంగి తిప్పింది. నడుము పట్టేసింది. మధ్యాహ్నం తెచ్చిన అన్నం గిన్నె మూత తీయకుండానే చల్లారిపోయింది. ఈ పని ఇద్దరు చేస్తే ఇట్టే అయిపోతుంది. గ్రూపులో బొటనవేళ్ళ కింద ఇంకో రెండు బొటనవేళ్ళు చేరాయి.

*

పొద్దుగూకింది. చలిగాలి తిరిగింది. నాగలత, ఈరన్న కలిసి పైకప్పును తోస్తే అది కిర్రుమని మూలిగి పక్కకు జరిగింది. అమావాస్య ఆకాశం నల్లగా, దగ్గరగా దిగింది. ఆమె టెలిస్కోపును రెండు చేతులా పట్టి పడమటికి వంచింది. చక్రాలు పట్టీల మీద మెత్తగా జారాయి. గొట్టానికి కన్ను ఆనించింది. శని. ఈ ఏడు దాని వలయం పక్కవాటుగా ఉంది, నిమ్మకాయకు దబ్బనం గుచ్చినట్టు సన్నటి గీత. గీత రెండు పక్కలా సూదిమొనలాగా తేలింది. పూత పూసిన అద్దం అంటే ఇదీ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పడ్డ పాటంతా తీరిందనుకుంది.

గిడ్డమ్మ వచ్చింది. వెంట వార్డు మెంబరు శేషన్న ఉన్నాడు. మిగతా వాళ్ళు వాకిట్లో చీకట్లో గుంపుగా నిలబడ్డారు.

"రా గిడ్డమ్మా, నువ్వే మొదలు. శనిగ్రహం పెట్టినా."

గిడ్డమ్మ అడుగు వెనక్కి వేసింది. "అమావాస్య నాడు, పయనం ముందర, శని మొగం సూడమంటావా తల్లీ?"

నాగలత నెత్తి కొట్టుకోబోయి ఆగింది. ఇంత దూరం వచ్చాక వాదించి లాభం లేదు. "సరే, తూర్పున గురుడుండాడు. గురుడైతే మంచిదే గదా" అని టెలిస్కోపును తిప్పుకుంది.

"అదుండనీమ్మా. నా మాట ఒకటి ఇను. నిన్నటి నుంచి చెప్పల్లనుకుంటాండా." గిడ్డమ్మ శేషన్న వైపు చూసింది. ఆయన తల ఊపాడు. "మా పెట్టెలు, జొన్నలు, టీవీలు ఈ గదిలో పెట్టుకోని పోతాం. ఉగాది దాకా. పోయిన సుగ్గికి మేం అట్ల పోంగానే ఇండ్ల తాళాలు పగలగొట్టినారు. గింజలు లేవు, గిన్నెలు లేవు. ఈ వైపు గట్టి తలుపుండేది ఈ గదికొక్కదానికే."

"ఈడనా?" అంది నాగలత. "గింజలు పెడితే ఎలుకలొస్తాయి గిడ్డమ్మా. పొట్టు, దుమ్ము, పురుగు. అద్దానికి నిన్న మొన్న పూత వేయించినాం. ఇది సామాన్లు పెట్టుకునే గది గాదు. కుదరదు."

"సరేలేమ్మా" అంది గిడ్డమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. "కళ్ళం ఇచ్చేటప్పుడు గూడా, ఇంక జొన్న యాడ కొట్టుకోవల్ల అని మాకు తోచలే. నువ్వు అడిగితివి, ఇస్తిమి." వాకిలి వైపు తిరిగి పిలిచింది. "రాండి, రాండి. అమ్మ రొండు దినాలుగా కూడు గూడా తినకుండా కష్టపడింది. ఒక్కొక్కరు సూసి పోండి."

వాళ్ళు వరసగా వచ్చారు. చెప్పులు గడప అవతల విప్పారు. కొంగులు, తువ్వాళ్ళు ఒంటికి చుట్టి పట్టుకున్నారు, దులపకూడదని గిడ్డమ్మ ముందే చెప్పినట్టుంది. ఒక్కొక్కరూ వంగి, కన్ను ఆనించి, గురుణ్ణీ పక్కన వరసగా ఉన్న చిన్న చుక్కల్నీ చూసి, లేచి, "బాగుండాదమ్మా" అన్నారు. పెళ్ళివారింట్లో భోజనం చేసి చెయ్యి కడుక్కున్నవాళ్ళు చెప్పినట్టు, మర్యాదగా, ఆమె ముఖం చూసి మరీ చెప్పారు. ఒకామె తెరవవలసిన కన్ను మూసి, మూయవలసింది తెరిచి చూసింది. అయినా బాగుందనే అంది. చూసినవాళ్ళు ఆగలేదు. గబగబా ఇళ్ళ వైపు పోతున్నారు. మూటలు, పెట్టెలు ఎవరింట్లో దాచాలో ఆ చీకట్లో మాట్లాడుకుంటున్నారు. సుగ్గికి పోని ముసలమ్మ ఒకతె ఇంట్లో కొన్ని పెడదామంటే, ఆమె ఇంటికి తలుపే లేదని ఇంకెవరో అన్నారు.

నాగలత గొట్టం దగ్గర నిలబడి గురుడు పక్కకు పోయినప్పుడల్లా టెలిస్కోపును కొంచెం జరుపుతోంది. వాళ్ళు ఆకాశం కోసం రాలేదు. ఆమె కోసం వచ్చారు. ఇంతగా అడిగింది కదా, కాదంటే చిన్నబుచ్చుకుంటుందని వచ్చారు. ఆమెకు సిగ్గేసింది. మనిషిని నిలువునా ముంచేసే సిగ్గు. రెండు రోజులుగా ఈ గది ఎవరిదో సుధీర్‌తో మనసులోనే పోట్లాడుతోంది. సుధీర్ కనీసం తర్వాత చూద్దామన్నాడు. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా కుదరదంది. గిడ్డమ్మ ఏదో చెప్పబోయిన ప్రతిసారీ తన చేతిలో ఏదో ఒక పని ఉంది.

ఆమె గొట్టానికి మూత పెట్టింది.

"గిడ్డమ్మా, ఈరన్నను పిలువు. అద్దం దింపల్ల."

"ఏంటికమ్మా? ఇంకా సూసేటోళ్ళుండారు."

"ఉగాదికి చూస్తారు. అద్దాన్ని నేను ఆదోనికి తీసుకపోతా. మీరు సామాన్లు తెచ్చుకోండి."

గిడ్డమ్మ ఆమె ముఖంలోకి చూసింది. కోపంతో అంటోందా, నిజంగానే అంటోందా అని వెతికినట్టు చూసింది. తర్వాత చీకట్లోకి పరుగులాంటి నడకతో పోయింది.

రెండు రోజులు పట్టిన పని విప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. కన్ను పెట్టే గొట్టం, చిన్న అద్దం, కడ్డీలు. పెద్ద అద్దాన్ని ఆదోని నుంచి తెచ్చిన పెట్టెలో పెట్టి మూత బిగించింది. పైకప్పు మూశారు. టార్చిలైట్ల వెలుగులో సామాను రావడం మొదలైంది. రేకు పెట్టెలు, గోనెసంచులు, దుప్పటి చుట్టిన టీవీలు, ఒక కుట్టుమిషను, మూత లేని మిక్సీ. కింద చెమ్మ ఉంటుందని జొన్న సంచుల్ని తొట్టి మీద పేర్చారు. నాగలత ఒక పక్కగా నిలబడి ఏ పెట్టె ఎక్కడ పెడితే ఇంకొకటి పడుతుందో చెప్పింది. మొదట జంకుతూ వచ్చినవాళ్ళు తర్వాత ఆమె చేతికే సామాన్లు అందించారు. పొట్టు గాలికి లేచి ఆమె జుట్టు నిండా పడింది. దులుపుకోలేదు.

కోసిగికి పోయే ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. గిడ్డమ్మ తలుపు మూసి, తాళం వేసి, గుంజి చూసి, మళ్ళీ గుంజి చూసింది. తాళంచెవిని నడుము దారానికి ముడేసుకుంది. ఆ ముడి తెల్లవారితే ఆమెతోపాటు గుంటూరు పోతుంది.

అద్దం పెట్టెను ఆటో సీటు మీదికి ఎక్కిస్తుండగా ఫోన్ మోగింది.

"అక్కా, ముఖ్య అతిథి ఒప్పుకున్నారు" అన్నాడు సుధీర్. గొంతు నిండా సంతోషం. "రేపు ఇద్దరు మనుషుల్ని పంపిస్తా. పౌర్ణమి లోపల గది కడిగించి, రంగులేయిద్దాం."

"గది ఖాళీ లేదు సుధీర్."

"ఖాళీ లేకపోవడమేందక్కా? మన గదే గదా."

"వాళ్ళ కళ్ళం" అంది నాగలత. "ఉగాదికి వస్తారు. వచ్చినాక పోయి అడుగుదాం. ఇస్తారేమో."